దిక్కు అనే మాట

(ఒడిశా సరిహద్దు పట్టణమైన పర్లాకిమిడిలో ఆగస్టు 29న జరిగిన తెలుగు భాషా దినోత్సవ సభలో ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీద ఉన్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న నా పూర్వ విద్యార్థులకు నమస్కారం. ఆ విద్యార్థులలో కొందరికి నాకంటె ఎక్కువ జుట్టు నెరిసింది కనుక వారిని కూడా పెద్దలలోనే కలిపి నమస్కరిస్తున్నాను.

నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం 'వృద్ధాప్యంలో జీవితానికి అర్థం, గమ్యం'. ఆ కాగితం చేతికి అందిన తరువాత రెండు రోజులు దానిని పంచాంగంలో పెట్టి ఊరుకున్నాను. డెబ్బై ఆరేళ్ల మనిషిని గమ్యం గురించి మాట్లాడమంటే వినేవారికి గుర్తుకు వచ్చే గమ్యం వేరే ఉంటుంది. అందుచేత అధ్యక్షులవారి అనుమతితో ఆ మాటను పక్కన పెట్టి, దాని స్థానంలో మన ఇళ్లలో రోజూ వినపడే 'దిక్కు' అనే మాటను తీసుకుంటాను.

సంస్కృతంలో ఈ మాటకు ప్రధానమైన అర్థం దిశ. దానికి అండ, ఆధారం, ఆదుకునే మనిషి అనే అర్థాన్ని కలిపి వాడుకున్నది మన దక్షిణాది భాషలు. కుర్రవాడు చెప్పులు వేసుకుని బయలుదేరితే 'ఏ దిక్కుకు పోతున్నావురా' అని అడుగుతాం. అదే మనిషి ముసలివాడై మంచం పడితే 'పాపం, వీడికి దిక్కెవరు' అని అడుగుతాం. అడిగే మాట ఒకటే, మధ్యలో యాభై ఏళ్లు గడిచాయి. నేను మొదటి అర్థంలో దిక్కును చాలా కాలం వెతికి, దొరకక, రెండవ అర్థం గుండా దాని దగ్గరకు వచ్చినవాణ్ణి. ఈ పూట చెప్పదలచుకున్నది ఆ దారి గురించే.

నేను 2007లో యాభై ఎనిమిదేళ్లు నిండి ఉద్యోగ విరమణ చేశాను. అప్పటికి మన ఊళ్లో రైలు లేదు. 1900లో నౌపడా నుంచి వేసిన చిన్న లైనును పెద్ద లైనుగా మార్చడం కోసం 2004 జూన్‌లో బండి ఆపివేశారు. మళ్లీ పూర్తిగా గుణుపురం దాకా బండి నడిచింది 2011లో. ఆ మధ్య కాలంలో పదవీ విరమణ చేసినవాళ్లం ఏడెనిమిది మందిమి సాయంకాలం పూట రైలు రాని ఆ స్టేషను వైపే నడిచి వెళ్లి కూర్చునేవాళ్లం. ఎందుకు అక్కడికే వెళ్లేవాళ్లమో మాలో ఎవరికీ తెలియదు. అలవాటైన కాళ్లు అటు తీసుకుపోయేవి. పెన్షన్ బకాయిలు, విశాఖపట్నంలో కొడుకు కొన్న ఇల్లు, భువనేశ్వర్‌లో కోడలి ఉద్యోగం, చక్కెర, మోకాళ్లు, ఇవే మాటలు. వాటిలో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. అయితే చీకటి పడి లేచేటప్పుడు, రేపు కూడా ఇదే చోట ఇవే మాటలు అనుకుంటాం అన్న సంగతి అందరి ముఖాల మీదా కనపడేది.

నేను మాత్రం వారికంటె ఒక మెట్టు పైన ఉన్నానని లోలోపల అనుకునేవాణ్ణి, ఎందుకంటే నేను ఒక పుస్తకం రాస్తున్నాను. ఈ ఊరి తెలుగువారి చరిత్ర. ఎవరైనా 'ఏం చేస్తున్నారు మాస్టారూ' అంటే 'గ్రంథ రచనలో ఉన్నాను' అనేవాణ్ణి. రెండేళ్లలో నలభై పేజీలు అయ్యాయి. ఆ నలభైలో పన్నెండు పేజీలు ముందుమాట. ఆ ముందుమాటలో కూడా ముప్పాతిక భాగం ఈ గ్రంథం రాయడానికి నాకున్న అర్హతల గురించి. ఇప్పుడు చదివితే సిగ్గు కలుగుతుంది. ఆ పుస్తకానికి దిశ ఉంది, ప్రణాళిక ఉంది, విషయసూచిక కూడా ఉంది. అది కావాలని అడిగినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

ఆ రోజుల్లోనే మా వీధి చివర ఇడ్లీ బండి పెట్టుకునే ఆవిడ ఒక కాగితం తీసుకుని మా అరుగు దగ్గరకు వచ్చింది. ఆవిడకు భర్త పోయి చాలా కాలమైంది. ఒడిశాలో 2008 జనవరిలో మధుబాబు పింఛను పథకం మొదలైంది. ముసలివారికి, దిక్కులేనివారికి మొదట్లో నెలకు రెండు వందల రూపాయలు ఇచ్చేవారు. ఆవిడ దరఖాస్తు పెట్టుకుంది, జవాబు వచ్చింది. ఆ జవాబు ఒడియాలో ఉంది. ఆవిడ దానిని మంజూరు పత్రం అనుకుని దేవుడి గూట్లో పెట్టి, పసుపూ కుంకుమా అద్ది, మూడు నెలలు ఎదురు చూసింది. డబ్బు రాకపోయేసరికి 'ఎప్పుడొత్తాదో సూడండి బాబూ' అని నా దగ్గరకు తెచ్చింది. కుంకుమ మరకల మధ్య నేను చదివినది ఏమంటే, పేర్లు సరిపోలనందున దరఖాస్తు తిప్పి పంపుతున్నాము అని.

పేర్లు సరిపోలకపోవడం అంటే ఏమిటో సరిహద్దులో ఉన్న మనకు వివరించి చెప్పనక్కరలేదు. మనం ఇంటిపేరు ముందు పెడతాం, ఒడియా వారు చివర పెడతారు. ఆవిడ ఓటరు కార్డులో ఇంటిపేరు మొదట ఉంది, రేషను కార్డులో చివర ఉంది, భర్త మరణ పత్రంలో అసలు లేదు. ప్రభుత్వం దృష్టిలో ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లున్నారు, ఇద్దరిలో ఎవరూ వితంతువు కారు. ఆ ఇద్దర్నీ ఒక మనిషిగా చేయడానికి నాకు ఏడు నెలలు పట్టింది. రెవిన్యూ ఇన్‌స్పెక్టరు ఆఫీసుకు, మునిసిపాలిటీకి, నోటరీ దగ్గరకు తిరిగాను. ఉద్యోగ కాలంలో శాఖాపరమైన పరీక్ష కోసం అయిష్టంగా నేర్చి వదిలేసిన ఒడియా లిపిని మళ్లీ పలక మీద దిద్దినట్టు దిద్దుకున్నాను. మన అక్షరానికి తలకట్టు, వారి అక్షరానికి గొడుగు. యాభై తొమ్మిదేళ్ల వయసులో ఆ గొడుగుల కిందికి దూరడం అంత సులభం కాలేదు. మొదటి నెల డబ్బు అందిన రోజు ఆవిడ నాలుగు ఇడ్లీలు ఆకులో కట్టి తెచ్చింది. డబ్బు తీసుకోలేదు.

ఆ తరువాతి వారం మరొకరు వచ్చారు. ఆ పైవారం ముగ్గురు. పుస్తకం నలభైయ్యవ పేజీ దగ్గర ఆగింది, ఇప్పటికీ అక్కడే ఉంది. స్టేషనుకు వెళ్లడం కూడా నేను మానుకోలేదు, తీరిక లేక దానంతట అది ఆగింది.

ఇక్కడ ఈనాటి సభకు కారకులైన మహానుభావుని సంగతి చెప్పాలి. గిడుగు రామమూర్తి పంతులుగారిని మనం ఏటా ఆగస్టు 29న వ్యావహారిక భాషోద్యమం పేరుతో తలచుకుంటాం. నాకు ఈ మధ్య ఆయన వయసుల లెక్క మీద ధ్యాస కలిగింది. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. 1880లో నెలకు ముప్పై రూపాయల జీతం మీద మన రాజావారి పాఠశాలలో చేరారు. 1911లో ఉద్యోగం విరమించారు. మనం ఏ పనుల కోసం ఆయనకు దండలు వేస్తున్నామో ఆ పనులలో చాలా భాగం ఆ 1911 తరువాతివి. 'తెలుగు' పత్రిక 1919లో నడిపారు. సవర భాషకు ఆయన రాసిన వ్యాకరణం అచ్చయినది 1931లో, అప్పటికి ఆయనకు అరవై ఏడు దాటాయి. సవర నిఘంటువు అచ్చయినది 1938లో, అప్పటికి డెబ్బై నాలుగు దాటాయి. ఉద్యోగ విరమణ సభలో మనకు శాలువా కప్పి 'ఇక విశ్రాంతి తీసుకోండి' అనేవారు ఈ తేదీలను ఒకసారి చూడాలని నా మనవి.

ఆ వరుసలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది సవర భాష. తెలుగు కోసం పోరాడిన మనిషికి సవరలతో ఏమి పని? కొండల నుంచి దిగి వచ్చే ఆ జనం మాట ఈ ఊళ్లో ఎవరికీ అర్థమయ్యేది కాదు, వాళ్లకు ఊరి మాట అర్థమయ్యేది కాదు, ఆ మధ్యలో వాళ్లు మోసపోయేవారు. పంతులుగారు రెండు భాషలూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఏళ్ల తరబడి కూర్చుని, ఆ భాష నేర్చుకున్నారు. వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి, అయ్యవార్లకు జీతాలు ఇచ్చారు. కొండల్లో తిరిగితే జ్వరాలు పట్టుకున్నాయి, జ్వరాలకు క్వినైను మింగితే చెవుడు వచ్చింది. ఒక భాషను చెవితో విని పట్టుకోవడానికి బయలుదేరిన మనిషికి ఆ పనిలోనే చెవులు పోయాయి. ఆ తరువాత కూడా వ్యాకరణం పూర్తి చేశారు, కోశం పూర్తి చేశారు. ముప్పై అయిదేళ్ల ప్రయాస అది. ఆయన ఏనాడైనా 'నా జీవితానికి అర్థమేమిటి' అని కూర్చుని ఆలోచించారో లేదో మనకు తెలియదు. ఒక సవర మాటకు అర్థమేమిటి అని మాత్రం ప్రతి రోజూ ఆలోచించారు, ఆ సంగతి నిఘంటువులో ఏ పుట తెరిచినా కనపడుతుంది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, అది ఇష్టం లేక, యాభై ఆరేళ్లు బతికిన ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. డెబ్బై రెండేళ్ల వయసులో ఇల్లు ఎత్తుకుని పోవడం అంటే ఏమిటో ఆ వయసు దాటినవాడిగా నాకు తెలుసు. మా తాతగారు కూడా అప్పుడు విభజనకు వ్యతిరేకులే. ఆయన మాత్రం ఎక్కడికీ పోలేదు, పోవడానికి ఆయనకు మరొక ఊరు లేదు. వెళ్లిన పంతులుగారూ, ఉండిపోయిన తాతగారూ, ఇద్దరిలో ఎవరు సరైన దిక్కు పట్టారని నన్ను అడిగితే నేను చెప్పలేను. వెళ్లిన తరువాత కూడా పంతులుగారు సవర కోశం పని వదలలేదన్న ఒక్క విషయం చెబుతాను. ఊరి మీద కోపం కొండ మీది మనుషుల దాకా పోలేదు.

ఇప్పుడు మరొక వృద్ధుడి పేరు చెబితే మీలో కొందరికి నచ్చకపోవచ్చు. మధుసూదన దాస్. ఒడియావారు కులవృద్ధ అని గౌరవంగా పిలుచుకునే మధుబాబు. 1848లో కటక్ జిల్లాలో పుట్టి, 1903లో ఉత్కళ సమ్మిళని స్థాపించి, ఒడియా మాట్లాడేవారి ప్రాంతాలన్నీ ఒక్కటి కావాలని జీవితమంతా పని చేసినవాడు. మన పెద్దల దృష్టిలో అవతలి పక్షం. తోళ్ల పరిశ్రమ పెట్టి ఆస్తి పోగొట్టుకున్నాడు. స్థానిక స్వపరిపాలన మంత్రి పదవిని జీతం లేకుండా చేస్తానని అడిగి, ప్రభుత్వం ఒప్పుకోకపోతే 1923లో రాజీనామా ఇచ్చాడు. 1934 ఫిబ్రవరిలో, ఎనభై అయిదేళ్లకు కన్నుమూశాడు. తాను కోరిన రాష్ట్రం ఏర్పడడానికి ఇంకా రెండేళ్లు ఉంది.

ఒక గీతకు అటువైపు ఒక ముసలాయన, ఇటువైపు ఒక ముసలాయన. ఒకాయన ఆ గీత పడడం చూడలేదు, ఒకాయన అది పడిన మీదట ఇక్కడ ఉండలేదు. ఈ ఇద్దరికీ తెలియకుండా జరిగినది ఏమిటంటే, గీతకు ఇటు పడిన మన తెలుగు ముసలమ్మలు ప్రతి నెలా మధుబాబు పేరు మీద డబ్బు తీసుకుంటున్నారు, ఆ డబ్బు తెప్పించే దరఖాస్తు ఎలా రాయాలో పంతులుగారి ఊరి తెలుగు మాస్టారు ఒడియాలో నేర్చుకున్నాడు. మా వీధిలో ఒకామె 'మధుబాబు ఎవురో గాని సల్లగుండాల' అంటుంది. ఆయన పోయి చాలా కాలమైందని నేను ఆమెకు చెప్పలేదు.

ఇంతవరకు విని, ఈయన మంచి పనులు చేసి మురిసిపోతున్నాడని మీరు అనుకునే ప్రమాదం ఉంది కనుక ఒక తప్పు కూడా చెబుతాను. మన పెద్దవాళ్లకు పుట్టిన తేదీలు ఉండవు. 'సొతంత్రం వచ్చినప్పుడు నేను సంకలో గుంటని' అంటారు, దాన్ని బట్టి మనం సంవత్సరం కట్టాలి. లెక్కలలో నాకు గర్వం ఎక్కువ. ఒక పెద్దమనిషి తన పెళ్లి, తన తమ్ముడి పుట్టుక, ఊళ్లో వచ్చిన వరద, మూడు గుర్తులు చెప్పాడు. నేను రెంటిని మాత్రమే పట్టుకుని యాభై ఎనిమిది అని తేల్చి, ఇంకా రెండేళ్లు ఆగమన్నాను. మూడవ గుర్తును నేను సరిగా విని ఉంటే ఆయనకు అప్పటికే అరవై దాటాయి. ఆయన రెండేళ్లు ఆగలేదు, మధ్యలోనే పోయాడు. ఆయన భార్య నన్ను ఒక్క మాట అనలేదు. అప్పటి నుంచి మూడు గుర్తులూ వేరు వేరు కాగితాల మీద రాసుకుంటున్నాను.

పెద్దతనం గురించి మన సంప్రదాయంలో వానప్రస్థం అనే మాట ఉంది. ఇళ్లలో దానికి 'కృష్ణా రామా అనుకుంటూ ఓ మూల కూర్చో' అని సులువైన అనువాదం చేసుకున్నాం. నేను దేవుడి గూట్లో దీపం పెట్టేవాణ్ణే, నాకు ఆ రెండు నామాల మీద ఏ ఫిర్యాదూ లేదు. ఫిర్యాదు ఆ మూల మీద. ఆ మూలలో కూర్చోబెట్టేది భక్తి కోసం కాక అడ్డు లేకుండా ఉండడం కోసమైతే, ముందు ఆ సంగతి మనకు మనం ఒప్పుకోవాలి.

అయితే నేను చెబుతున్న దానికి ఒక గట్టి ఆక్షేపణ ఉంది, దానిని నాకు వేసినది నా భార్యే. ఆమెకు పక్షవాతం వచ్చి మంచం పట్టింది. ఒకనాడు నేను ఎవరితోనో అరుగు మీద ఇవే మాటలు, మనిషి మరొకరికి దిక్కు అయినప్పుడే తన దిక్కు తెలుస్తుందని గట్టిగా చెబుతుంటే, లోపలి నుంచి ఆమె విని, ఆ మనిషి వెళ్లాక 'మరి నేను ఎవరికి దిక్కు? నన్ను ఏం చేస్తారు?' అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. జవాబు ఆమే ఇచ్చింది, నాకు ఇస్తున్నానని చెప్పకుండా. ప్రతి సాయంకాలం ఈ రోజు ఎవరు వచ్చారు, ఏ కాగితం అని అడిగేది. నేను చెబితే 'ఆవిడ ఇంటిపేరు అది కాదు, అది వాళ్ల అత్తగారి పుట్టింటి పేరు' అనేది. 'ఆ గుంటడు పుట్టినది మన పెద్దమ్మాయి పుట్టిన ఏడాదే, పురుడు పోసిన మంత్రసాని కూడా ఒకర్తే' అనేది. ఈ ఊళ్లో మూడు తరాల బంధుత్వాలు ఆమె నోట ఉండేవి. నా పుస్తకానికి కావలసిన చరిత్ర అంతా మంచం మీద ఉంది, నేను అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి, మహేంద్రతనయ నదికి ఇవతల మననూ అవతల పాతపట్నం వారినీ ఒకేలా కొట్టినప్పుడు, ఇటు ఒడియాలో అటు తెలుగులో ఇళ్ల నష్టం అర్జీలు రాశాను. రెండు వైపులా ఉన్న చుట్టరికాలు ఆమె చెబుతుంటేనే ఆ పేర్లు తప్పు లేకుండా పడ్డాయి.

చివరి మూడు నెలలు ఆమెకు మాట కూడా పడిపోయింది. ఆ మూడు నెలల గురించి నా దగ్గర ఏ సిద్ధాంతమూ లేదు. నేను ప్రతి సాయంకాలం ఎవరు వచ్చారో చెబుతూనే ఉండేవాణ్ణి. వింటున్నదో లేదో తెలియదు. ఈ ఉపన్యాసంలో ఈ భాగం ఖాళీగా ఉంచవలసి వస్తున్నందుకు నన్ను మన్నించండి. దానిని ఏదో ఒక శ్లోకంతో నింపడం నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు నా చేయి వణుకుతోంది. ఒడియా అక్షరాల మీది గొడుగులు నా చేతిలో గాలివానలో పడిన గొడుగుల్లా వస్తున్నాయి. మా పక్కింటి అమ్మాయి తొమ్మిదవ తరగతి ఒడియా మాధ్యమంలో చదువుతోంది. ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది, తెలుగు చదవడం రాదు. ఈ ఊళ్లో మన పిల్లల్లో చాలామంది పరిస్థితి ఇదే. దాని మీద కోపగించడానికి వేరే సభ పెట్టుకుందాం. ఏడాదిగా ఆ అమ్మాయి సాయంకాలం మా అరుగు మీదకు వస్తోంది. నేను ఆమెకు ఓనమాలు దిద్దిస్తాను, ఆమె నాకు దరఖాస్తులు నింపి పెడుతుంది. గుణింతాలు దాటాం, ఇప్పుడు ఒత్తుల దగ్గర ఉన్నాం. నా ఒడియాలో తప్పులు దిద్దుతుంది కూడా, ఆ దిద్దడంలో కొంచెం ఎక్కువ ఆనందం పొందుతుందని నా అనుమానం. ఇంటిపేర్ల సంగతి, వయసు కట్టడానికి మూడు గుర్తులు వేరువేరుగా రాయాలన్న సంగతి చెప్పాను. అది ఎందుకో కూడా చెప్పాను.

పోయిన మంగళవారం నేను అరుగు మీద ఒక్కణ్ణే కూర్చుని ఈ ప్రసంగానికి నాలుగు మాటలు రాసుకుంటున్నాను. పాతపట్నం రోడ్డు వైపు నుంచి ఒక ముసలామె చేతిలో ప్లాస్టిక్ సంచీ పట్టుకుని వచ్చింది. నేను కళ్లద్దాలు సర్దుకుని, కాగితం కోసం చెయ్యి చాపాను. ఆమె సంచీని గుండెకు దగ్గరగా పట్టుకుని, 'మీరొద్దు గాని మాస్టారూ, ఆ గుంట ఉన్నాదేటండీ?' అని అడిగింది.

నేను లేచి, పక్కింటి గోడ దగ్గరకు వెళ్లి, ఆ అమ్మాయిని పిలిచాను.